దసలి పురుగు తిండి, ఊపిరి: మా దిక్కు వినబడే అపోహలు - వాస్తవాలు

గోదావరికి ఇవతల మహారాష్ట్రల సిరోంచ, అవతల తెలంగాణల మహదేవపూర్, రెండు దిక్కులా మద్ది చెట్ల మీద దసలి పురుగులు (టసర్ పట్టు పురుగులు) పెంచుతరు, నేను చేసేది అదే పని, కాబట్టి రోజూ వినే మాటలకే జవాబు రాస్తున్న.

అపోహ: పురుగు తినుడు ఆపితే రోగమొచ్చినట్టే.

అన్నిసార్లు కాదు. పొర (పాత చర్మం) విడిచే ముందు కొమ్మను గట్టిగ పట్టుకొని కదలకుండ ఉంటది, ఆకు తింటలేదని అప్పుడు పీకి వేరే చెట్టు మీద ఏస్తే నష్టం మనకే. దీని వెనక ఊపిరి సంగతి ఉంది. పురుగుకు ఊపిరితిత్తులు ఉండవు, ఒక్కో పక్క 9 రంధ్రాలు, వాటి నుంచి సన్న గొట్టాలల్ల గాలి నేరుగా కండరాల దాక పోతది, రక్తం మోసేది ఏం లేదు. తిన్నకొద్ది ఒళ్లు పెరుగుతది, ఆక్సిజన్ ఎక్కువ కావాలె, కానీ పెద్ద గొట్టాలు మాత్రం పొర విడిచేదాక అంతగా పెరగవు. విడిచిన పొర దొరికితే మెల్లగ విప్పి చూడండి, రంధ్రాల దగ్గర తెల్లటి పోగులు కనబడతయి, అవి పాత గాలిగొట్టాల లోపలి పొరలే.

అపోహ: లేతాకో ముదురాకో, కడుపు నిండితే చాలు.

ముదురాకులో నీళ్లు, ప్రొటీన్ తక్కువ, చిన్న పురుగులకు అస్సలు పెట్టొద్దు. మిడతల మీద చేసిన పరిశోధనలల్ల పిండిపదార్థం మరీ ఎక్కువ ఉన్న మేత పెడితే అవి మిగులును కాల్చేసి కార్బన్ డయాక్సైడ్‌గ బయటికి పంపినయి, అంటే తిన్నదంతా ఒంటికి పట్టదన్నట్టు.

అపోహ: సీతాకోకకు చక్కెర నీళ్లు పెడితే గుడ్లు ఎక్కువ పెడతది.

దానికి తినే నోరే సరిగ్గ ఉండదు మహాప్రభో! పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వే దాని బతుకు. ఒంట్లో కరిగేది చక్కెరనో కొవ్వో ఊపిరిని కొలిస్తే తెలుస్తది: చక్కెర కరిగితే పీల్చిన ఆక్సిజన్‌ ఎంతో ఒదిలే కార్బన్ డయాక్సైడ్ కూడ అంతే, కొవ్వు కరిగితే ఒక వంతు ఆక్సిజన్‌కు ఒదిలేది 0.7 వంతు దగ్గర ఉంటది.

అపోహ: కాయలో (పట్టుగూడులో) పురుగు నిద్రలో ఉంటది, గాలి అవసరం లేదు.

ఇది వింటే నాకు కోపమొస్తది. ప్యూపా, అంటే కాయ లోపల సీతాకోకగ మారే దశల ఉన్న పురుగు, తిండి లేకుండ, ఒంట్లో పని బాగా తగ్గించుకొని నెలల తరబడి ఉంటది, నిజమే, కానీ ఊపిరి ఆగదు. దీని చుట్టాలైన పెద్ద సీతాకోకల ప్యూపాలల్ల రంధ్రాలు చాలాసేపు మూసుకొని ఉండి, మధ్యమధ్యల తెరుచుకొని కార్బన్ డయాక్సైడ్‌ను ఒక్కసారే ఒదుల్తయి. అందుకే విత్తన కాయలను (గుడ్ల కోసం దాచే కాయలను) దండలు కట్టి గాలి ఆడే గదిలో వేలాడదీస్తరు, పాలిథిన్ సంచిలో మూట కట్టరు. కొనేటప్పుడు ఎట్ల దాచిండ్రో అడగండి, చేతిలో ఊపి చూడండి, తేలిగ్గ గలగలమంటే లోపల ఎండిపోయినట్టే, తీసుకోకండి.