మోనోపలీ పాత సెట్లు: బోర్డు మీద 1935 అని ఉన్నంత మాత్రాన...

"బోర్డు మీద 1935 అని ఉందండీ, మొదటి సెట్టే కదా?" మోనోపలీ అంటే స్థలాలు కొని అద్దెలు వసూలు చేసే బోర్డు ఆట. దాని ఎడిషన్లు సేకరించేవాళ్ళకి అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అటక మీద పెట్టె దొరికినవాళ్ళు ఆశగా అడుగుతారు. అప్పటికే డబ్బు కట్టేసినవాళ్ళు గుబులుగా అడుగుతారు. జవాబు దాదాపు ఎప్పుడూ "కాదు" అనే. మిగతా అపోహలన్నీ కలిపినా జేబుకి ఇంత చిల్లు పెట్టవు. అందుకే ముందు దీని సంగతి పూర్తిగా తేల్చి, మిగతావి ఆ తర్వాత చూద్దాం.

అపోహ: 1935 అని అచ్చయి ఉంటే అది 1935లో తయారైన సెట్టు.

అది కాపీరైట్ ఏడాది. పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఛార్లెస్ డారో దగ్గర ఈ ఆటను కొన్నది 1935లో. అప్పటినుంచి ఆ అంకెను వదల్లేదు. కంపెనీ హాస్‌బ్రో చేతికి వెళ్ళాక అచ్చయిన కార్డుల మీద కూడా 1935 కనిపిస్తుంది. బొమ్మలోనో అక్షరాల్లోనో మార్పు చేసినప్పుడు పక్కన ఇంకో ఏడాది చేరుస్తారు: 1935, 1946, 1961 అంటూ వరుస పెరుగుతుంది. చూడాల్సింది ఆ వరుసలో చివరి ఏడాదిని. అది కూడా తయారైన ఏడాదిని చెప్పదు. సెట్టు అంతకు ముందుది కాదని మాత్రమే చెబుతుంది. చివర 1961 ఉన్న బోర్డులు 1970ల్లో కూడా అచ్చయ్యాయి.

పాత సెట్టు వయసు కట్టే పద్ధతి ఒక్కటే. "ఇంతకు ముందు కాదు" అని చెప్పే గుర్తులన్నీ ఏరి కాగితం మీద రాసుకోండి. వాటిలో అన్నిటికన్నా ఆలస్యమైనది ఏదో అదే లెక్క.

అమెరికా సెట్లలో మొదట పేటెంట్ నంబర్లు చూడండి. తొలి పార్కర్ బోర్డుల మీద "ట్రేడ్ మార్క్" అన్న మాట ఉంటుంది, పేటెంట్ ఊసు ఉండదు. ఆ తర్వాత "పేటెంట్ పెండింగ్" వచ్చింది. ఆ తర్వాత 1,509,312 అన్న నంబరు ఒంటరిగా కనిపిస్తుంది. ఇది లిజీ మేగీకి, మోనోపలీకి మూలమైన తన 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' మీద 1924లో వచ్చిన పేటెంటు. పార్కర్ బ్రదర్స్ దాన్ని 1935లో 500 డాలర్లకు కొనేసింది. చివరికి ఆ నంబరు పక్కన 2,026,082 చేరింది. డారో పేరు మీద ఈ పేటెంటు మంజూరైంది 1935 డిసెంబరు 31న. ఏడాదికి అదే ఆఖరి రోజు! అంటే రెండు నంబర్లూ ఉన్న బోర్డుని "1935 మొదటి ముద్రణ" అని ఎవరైనా అమ్మజూపితే ఇంకేమీ చూడనక్కర్లేదు, ఆ మాట తప్పు. బజారులో తిరిగే పాత సెట్లలో ఎక్కువ భాగం ఈ రెండు నంబర్లవే.

తర్వాత చూడాల్సింది పెట్టె మీద, నియమాల పుస్తకం చివర ఉండే కంపెనీ పేరు. 1968లో పార్కర్ బ్రదర్స్‌ని జనరల్ మిల్స్ కొన్నది. 1985లో అది కెన్నర్ పార్కర్‌గా విడివడింది. 1987లో టోంకా, 1991లో హాస్‌బ్రో చేతికి వెళ్ళింది. కాపీరైట్ వరుస 1961తో ఆగినా, పెట్టె మూల "జనరల్ మిల్స్" అని చిన్న అక్షరాలు ఉంటే అది 1968కి ముందుది కానేకాదు. ఈ చిన్న అక్షరాలు చూడకుండా 1961 సెట్టు ధర పెట్టేసేవాళ్ళు ఎందరో.

చిరునామా కూడా సాక్ష్యమే. పార్కర్ ఊరు మాసచూసెట్స్‌లోని సేలం. అమెరికాలో జిప్ కోడ్లు (మన తపాలా పిన్ కోడ్ లాంటివి) వచ్చింది 1963 జులైలో. సేలం పేరు పక్కన 01970 ఉందంటే ఆ కాగితం అచ్చయింది 1963 తర్వాతే. ఈ 01970ని చూసి "1970 సెట్టు" అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అది జిప్ కోడ్ మాత్రమే. బార్‌కోడ్ ఉంటే 1974 తర్వాతది. చిన్న పిల్లల గొంతులో అడ్డుపడే ప్రమాదం గురించి త్రికోణం గుర్తుతో హెచ్చరిక ఉంటే 1990ల మధ్య నుంచి ఇటువైపుది. 1935 నాటి రూపంలో చెక్కపెట్టెలో, పాతకాలం అట్టపెట్టెలో వచ్చిన పునర్ముద్రణలు మోసం చేసేది ఇక్కడే. పైన అంతా పాతగా ఉంటుంది, అడుగున మాత్రం హాస్‌బ్రో పేరు, బార్‌కోడ్ ఉంటాయి. అమ్మేవాళ్ళు అడుగుభాగం ఫొటో పెట్టకపోతే అడిగి తెప్పించుకోండి. పంపకపోతే వదిలేయండి.

ఒక జాగ్రత్త. గుర్తు ఉండటం సాక్ష్యం, లేకపోవడం సాక్ష్యం కాదు. బార్‌కోడ్ లేదు కాబట్టి 1974కి ముందుదే అని తేల్చేయకూడదు.

లండన్ వీధులున్న బోర్డు వేరే దారి. లీడ్స్‌లోని వాడింగ్టన్స్ కంపెనీ 1936లో దాన్ని బజారులోకి తెచ్చింది. ఆ కంపెనీ ఆటల విభాగం 1994లో హాస్‌బ్రో కిందికి వచ్చింది. పెట్టె మీద పాత ధర చీటీ షిల్లింగుల్లో ఉంటే 1971 ఫిబ్రవరికి ముందు అమ్ముడైందని అర్థం, ఎందుకంటే బ్రిటన్ దశాంశ నాణేలకు మారింది అప్పుడే. చీటీని పీకెయ్యకండి. అది మురికి కాదు, ఆధారం.

ఇంకో మెలిక. బోర్డు, పెట్టె, కార్డులు, నోట్లు ఒకే కాలానివని అనుకోవద్దు. ఇంట్లో రెండు సెట్లు ఉంటే మంచివన్నీ ఒక పెట్టెలో చేరతాయి, అది సహజం. అందుకే ఒక్కోదానికి విడివిడిగా వయసు కట్టాలి. పావులు దీనికి బాగా పనికొస్తాయి. తొలి సెట్లలో పర్సు, లాంతరు, ఊగే గుర్రం ఉండేవి. కుక్క, ఒంటిచక్రం తోపుడుబండి 1950ల్లో వచ్చాయి. ఇస్త్రీపెట్టె తీసేసి పిల్లిని పెట్టింది 2013లో. పెంగ్విన్, రబ్బరు బాతు, టీ-రెక్స్ వచ్చింది 2017లో, అప్పుడే అంగుస్తాను, బూటు, తోపుడుబండి పోయాయి. యుద్ధానికి ముందుదన్న సెట్టులో కుక్క ఉంటే ఆ కుక్క తర్వాత చేరిందే. అమెరికా బోర్డులో మెడిటరేనియన్, బాల్టిక్ గడుల రంగు 2008లో ఊదా నుంచి గోధుమకు మారింది. లగ్జరీ టాక్స్ 75 డాలర్ల నుంచి 100 అయింది. ఇన్‌కమ్ టాక్స్ గడిలో "10 శాతం లేదా 200" అన్నది పోయి 200 ఒక్కటే మిగిలింది. లండన్ బోర్డుకి ఈ రంగు గుర్తు వాడకండి. ఓల్డ్ కెంట్ రోడ్ గుంపు ఎప్పటినుంచో గోధుమే.

అపోహ: పెట్టె నిండుగా ఉంది కాబట్టి సెట్టు పూర్తిగా ఉంది.

లెక్కపెట్టండి. చూపుతో తేలదు. మామూలు సెట్టులో టైటిల్ డీడ్ కార్డులు (కొన్న స్థలానికి హక్కుపత్రాలు) 28: వీధులు 22, రైల్వేలు 4, కరెంటు నీళ్ళ కంపెనీలు 2. ఛాన్స్ 16, కమ్యూనిటీ చెస్ట్ 16. ఇళ్ళు 32, హోటళ్ళు 12. పాచికలు 2. డీడ్ కార్డులను రంగు గుంపులుగా పేర్చి లెక్కపెడితే ఏది లేదో వెంటనే తెలుస్తుంది. ఊదా లేదా గోధుమ గుంపుకి రెండు, ముదురు నీలానికి రెండు, మిగతా ఆరు రంగులకి మూడేసి.

నోట్ల మొత్తంతో ఇంకో సంగతి బయటపడుతుంది. చాలాకాలం అమెరికా సెట్టులో బ్యాంకు మొత్తం 15,140 డాలర్లు: 1, 5, 10 నోట్లు 40 చొప్పున, 20లు 50, 50లు 30, 100లు 20, 500లు 20. 2008 నుంచి ప్రతి నోటూ 30 చొప్పున అయ్యి మొత్తం 20,580కి పెరిగింది. పాత పెట్టెలో 500 నోట్లు 30 ఉన్నాయంటే డబ్బు వేరే సెట్టుది, లేదా రెండు సెట్లు కలిశాయి. ఒకటి రెండు నోట్లు తగ్గితే మాత్రం కంగారుపడకండి. ఆడుకున్న ఇంట్లో ఒక డాలర్ నోట్లు పూర్తిగా మిగలడమే అరుదు.

రెండు సందర్భాల్లో జనం మంచి సెట్టుని అసంపూర్ణం అనుకుని చవగ్గా వదిలేస్తారు, చూస్తే బాధేస్తుంది. మొదటిది: చిన్న పెట్టెలో డబ్బు, కార్డులు, పావులు, విడిగా బోర్డు. బోర్డు పెట్టెలో పట్టదు కాబట్టి "వేరే పెట్టెది" అనుకుంటారు. చాలా పాత పార్కర్ సెట్లు అలాగే విడివిడిగా అమ్మారు. రెండోది: లోహపు పావులకు బదులు చెక్కవి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లోహం ఆటబొమ్మలకు దొరకలేదు, అమెరికాలో చెక్క పావులు వేశారు. బ్రిటన్‌లో అట్ట పావులు వచ్చాయి, పాచికలకు బదులు తిప్పే ముల్లు వచ్చింది. అవి పోయిన వాటికి బదులుగా ఎవరో ఇంట్లో చేసుకున్నవి కావు. పారేయకండి.

అపోహ: "మార్విన్ గార్డెన్స్" అచ్చుతప్పు ఉన్న సెట్టు అరుదు.

అమెరికా బోర్డులో ఒక గడి పేరిది. అసలు స్థలం పేరు మార్వెన్. ఆ తప్పు పార్కర్ బ్రదర్స్ మామూలు అమెరికా సెట్లన్నిటిలో ఉంది. కంపెనీ 1995లో తప్పు ఒప్పుకున్నా పేరు మార్చలేదు. దీనికి పైసా అదనంగా ఇవ్వొద్దు.

అపోహ: యుద్ధఖైదీల పటం దాచిన సెట్టు.

వాడింగ్టన్స్ బ్రిటిష్ నిఘా విభాగం ఎంఐ9 కోసం పట్టుగుడ్డ మీద పటాలు అచ్చువేసింది, అది నిజం. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీలు తప్పించుకోవడానికి అలాంటి పటాలు దాచి పంపిన బోర్డులకి ఫ్రీ పార్కింగ్ గడి మీద ఎర్ర చుక్క గుర్తు అని ఒక కథ ఉంది. ఆ మాట పట్టుకుని చుక్క ఉన్న బోర్డులు పెద్ద ధరకు అమ్మజూపేవాళ్ళుంటారు. చుక్క ఎవరైనా పెట్టగలరు. లోపల పటం ఉందేమోనని బోర్డు అంచు కాగితం కోసి చూసినవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నిక్షేపంలాంటి 1930ల బోర్డు ఒక్క బ్లేడు గీతతో పాడైపోతుంది.

అపోహ: "లిమిటెడ్ ఎడిషన్", "కలెక్టర్స్ ఎడిషన్" అంటే విలువ పెరుగుతుంది.

ఎన్ని చేశారో సంఖ్య, మీ సెట్టు వరుస నంబరు రెండూ ఉంటే ఆలోచించండి. లేకపోతే అది పెట్టె మీది అలంకారం. 1985 నాటి 50 ఏళ్ళ రేకుడబ్బా సెట్టు అందంగా ఉంటుంది, విరివిగా దొరుకుతుంది కూడా. 1994 నుంచి యూఎస్ఏఓపోలీ లైసెన్సు మీద నగరాలవీ సినిమాలవీ లెక్కలేనన్ని వేసింది. ఇష్టంతో కొనుక్కోండి, పెట్టుబడిగా వద్దు. పేరు చివర "ఓపోలీ" తగిలించి లైసెన్సు లేకుండా వచ్చే ఆటలు మోనోపలీ ఎడిషన్ల కిందికే రావు.

సీలు గురించి ఒక్క మాట. 1930ల సెట్టు ప్లాస్టిక్ పొరలో "సీల్డ్"గా కనిపిస్తే ఆ పొర తర్వాత ఎవరో చుట్టిందే. కొత్త సెట్లలో కూడా పొర ఏళ్ళు గడిచేకొద్దీ బిగుసుకుని మూత అంచుల్ని వంచేస్తుంది. వంగుతోందంటే పొర తీసేయడమే మేలు.

అపోహ: కనిపెట్టింది డారోనే, కాబట్టి అతనికి ముందు సెట్లు లేవు.

లిజీ మేగీకి మొదటి పేటెంటు 748,626 వచ్చింది 1904 జనవరి 5న. ఆ ఆట చేతులు మారుతూ, ఇళ్ళల్లో గీసుకుంటూ అట్లాంటిక్ సిటీ వీధులతో డారో దాకా చేరింది. అంటే అట్టమీదో గుడ్డమీదో చేత్తో గీసిన బోర్డు దొరికితే "పిల్లల గీతలు" అని పక్కన పడేయకూడదు. డారో 1933లో నూనెగుడ్డ మీద గుండ్రంగా గీసిన సెట్టు ఒకటి 2010లో వేలంలో 1,46,500 డాలర్లు పలికింది. చేతిగీత బోర్డుని తుడవకుండా, మడత కొత్తగా పెట్టకుండా ముందు ఆటల మ్యూజియం వాళ్ళకి ఫొటోలు పంపండి. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియంలో ఈ ఆట తొలి సెట్లు ఉన్నాయి.

అపోహ: శుభ్రం చేస్తే ధర పెరుగుతుంది.

చాలాసార్లు తగ్గుతుంది. లోహపు పావుల్ని పాలిష్ చేస్తే పాత రంగు పోయి వేరే సెట్టువిలా కనిపిస్తాయి. పొడి మెత్తటి గుడ్డ చాలు. తెల్లటి పొడి పట్టిన పావుల్ని గ్లవుజులతో పట్టుకోండి. పాత లోహంలో సీసం ఉండొచ్చు, పిల్లలకి ఇవ్వకండి. చెక్క ఇళ్ళకి నీళ్ళు తగిలితే రంగు దిగుతుంది. బోర్డుని మెత్తటి బ్రష్షుతో మధ్య నుంచి అంచుకి దులపండి. మడత దగ్గర గుడ్డ చిరిగి ఉంటే బోర్డుని వెనక్కి పూర్తిగా విరవకండి.

పెట్టె మూలకి పాత సెల్లోటేపు ఉంటే లాగొద్దు, దానితో పాటు రంగు కాగితం లేచి వస్తుంది. విడిపోయిన మూలని లోపలివైపు నుంచి పలచటి జపనీస్ కాగితం, గోధుమ పిండి జిగురుతో అతికించవచ్చు.

నోట్లకి రబ్బరు బ్యాండు వెయ్యొద్దు. ఏళ్ళ తరబడి ఉంచితే కరిగి కాగితానికి అంటుకుని గోధుమరంగు చార పడుతుంది, ఆ చార పోదు. ఇప్పటికే ఎండిపోయి అంటుకున్న బ్యాండుని గోటితో గీకకుండా, మొద్దు చెక్కపుల్లతో పెళుసు ముక్కల్ని ఒక్కొక్కటీ లేపండి. జిగటగా ఉన్నదాన్ని అలాగే వదిలేయండి. నోట్లని ఆమ్లం లేని కాగితపు పట్టీతో చుట్టండి. పావుల్ని చిన్న గుడ్డసంచిలో విడిగా పెట్టండి, లేకపోతే పెట్టె కదిలినప్పుడల్లా కార్డుల అంచుల్ని కొడతాయి. పెట్టెలు పడుకోబెట్టి నాలుగైదుకి మించి పేర్చకండి, బరువైనది అడుగున ఉండాలి. నిలబెడితే లోపలి బరువంతా ఒక అంచు మీద పడి మూత మూలలు విచ్చుకుంటాయి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే గది చాలు. బయటి గోడకి ఆనించి మాత్రం పెట్టకండి.