కదలని బ్యాటరీకి బరువెందుకు అడ్డు?

2024 జూన్ ఆఖరులో, చైనాలోని హుబే రాష్ట్రం చియన్‌జియాంగ్‌లో 42 బ్యాటరీ కంటెయినర్లను గ్రిడ్‌కు కలిపారు. నిండా ఛార్జ్ చేస్తే వాటిలో 100 మెగావాట్ అవర్ల కరెంటు పడుతుంది. మన కరెంటు బిల్లు లెక్కలో అది లక్ష యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే 500 ఇళ్లకు నెలంతా సరిపోయే కరెంటు అది. దాన్నంతా ఆ కేంద్రం రెండు గంటల్లో గ్రిడ్‌కు ఇచ్చేయగలదు. ఇంతకంటే పెద్ద లిథియం కేంద్రాలు చాలానే ఉన్నాయి. ఇక్కడ వాడింది మాత్రం సోడియం.

ఇలాంటి నిల్వ అవసరం మనకూ తెలిసిందే. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు మధ్యాహ్నం దండిగా కరెంటు ఇస్తుంది. ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు అన్నీ ఒక్కసారిగా నడిచే సాయంత్రం ఏడు గంటలకు అక్కడ ఎండ ఉండదు.

లిథియం, సోడియం ఒకే కుటుంబం. రెండు బ్యాటరీలూ పనిచేసే తీరు కూడా ఒకటే: ఛార్జ్ చేసేటప్పుడు అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) ఒక వైపు నుంచి రెండో వైపుకు వెళ్లి దాక్కుంటాయి, వాడేటప్పుడు వెనక్కి వస్తాయి. తేడా అంతా బరువులో, సైజులో ఉంది. లిథియం పరమాణు భారం 7 అయితే సోడియంది 23. అయాన్ కూడా పెద్దదే. లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్య హాయిగా ఇమిడిపోతాయి, సోడియం ఇమడదు. అందుకే దానికి హార్డ్ కార్బన్ అనే చిందరవందర పొరల బొగ్గు కావాలి. ఈ బొగ్గును కొబ్బరి చిప్పల నుంచీ చేయొచ్చు, కోనసీమ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది! చైనా బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ 2021లో ప్రకటించిన సోడియం సెల్‌లో కిలోకు 160 వాట్ అవర్లు పడతాయి. మంచి లిథియం సెల్‌లో ఇంకా ఎక్కువ పడుతుంది. కారుకు ఇది పెద్ద లోటు. సిమెంటు దిమ్మె మీద ఇరవై ఏళ్లు కూర్చునే కంటెయినర్ బరువు ఎవరికి భారం?

నాకు బాగా నచ్చిన సంగతి సెల్ లోపల కరెంటును మోసే రేకుది. లిథియం సెల్‌లో నెగటివ్ వైపు రాగి రేకు తప్పనిసరి, ఎందుకంటే అక్కడ అల్యూమినియం వాడితే లిథియం దానితో కలిసిపోయి రేకును పాడుచేస్తుంది. సోడియం అల్యూమినియం జోలికి పోదు. కాబట్టి రెండు వైపులా చవకైన అల్యూమినియం రేకే సరిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. లిథియం సెల్‌ను సున్నా వోల్టుల దాకా ఖాళీ చేస్తే ఆ రాగి కరిగి సెల్ చెడిపోతుంది, అందుకే దాన్ని కొంత ఛార్జ్‌తోనే లారీలు, ఓడలు ఎక్కించాలి. సోడియం సెల్‌ను పూర్తిగా ఖాళీ చేసి పంపొచ్చు, దారిలో నిప్పు టెన్షన్ బాగా తగ్గుతుంది. అలాగని సోడియం బ్యాటరీ అసలు అంటుకోదని కాదు, చాలావాటిలో ఉండేది మండే ద్రవమే.

సోడియం ఉప్పులోనే ఉంటుంది, ఉప్పు చవక కాబట్టి ఈ బ్యాటరీ కూడా చవకే అని రాసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఖర్చు ఎక్కువగా హార్డ్ కార్బన్‌లో, ఎలక్ట్రోలైట్ అనే లోపలి ద్రవంలో, ఫ్యాక్టరీలో ఉంది. కంటెయినర్‌కు పట్టే యూనిట్లు తక్కువ కాబట్టి అదే నిల్వకు ఎక్కువ కంటెయినర్లు, ఎక్కువ కేబుళ్లు, ఎక్కువ స్థలం కావాలి. 2022 చివర్లో చైనాలో లిథియం బ్యాటరీల ముడిసరుకు లిథియం కార్బొనేట్ టన్ను ధర ఆరు లక్షల యువాన్ల దాకా ఎక్కినప్పుడు అందరి చూపూ సోడియం మీద పడింది. 2024లో అది లక్ష యువాన్ల కిందికి దిగింది. సోడియం కంపెనీలకు ఊపిరాడలేదు. అమెరికాలోని సోడియం బ్యాటరీ కంపెనీ నాట్రాన్ ఎనర్జీ 2025 సెప్టెంబరులో మూతపడింది.

అయినా మన దేశం సోడియంను వదులుకోకూడదనే నా అభిప్రాయం. లిథియం మనం బయట కొనుక్కోవాల్సిందే. సోడియం బ్యాటరీకి కావాల్సిన సోడా యాష్ (సోడియం కార్బొనేట్) గుజరాత్ తీరంలో సముద్రపు ఉప్పు నుంచే తయారవుతోంది. ఇంగ్లండ్‌లో సోడియం బ్యాటరీల మీద పనిచేసిన ఫారడియన్‌ను రిలయన్స్ కొనుక్కుంది. వేడి సంగతీ చూడాలి. లిథియం కంటెయినర్లను చల్లగా ఉంచడానికే కొంత కరెంటు పోతుంది. అమెరికాలో పీక్ ఎనర్జీ అనే సంస్థ 2025లో చల్లబరిచే యంత్రాలు అక్కర్లేని సోడియం నిల్వను గ్రిడ్ కోసం తెచ్చింది. అలాంటిదాన్ని ఓర్వకల్లు పక్కన పెట్టి, ఒక మే నెలంతా నడిపి, లోపలికి పోసిన యూనిట్లెన్ని, తిరిగొచ్చినవెన్ని అని పక్కనే ఉన్న లిథియం కంటెయినర్‌తో పోల్చి చూడాలి.