పురుగుల మాక్రో ఫోటోలు: లెన్సు మారిస్తే మసక పోతుందా?

ఎండలు ముదిరిన రోహిణి కార్తె నుంచి తొలకరి దాకా, పురుగులను అతి దగ్గరగా, అంటే మాక్రోలో, తీసేవారి నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: "ఫోటో మసకగా వస్తోంది సార్, ఏ లెన్సు కొనమంటారు?"

ఏ లెన్సూ కొనవద్దు. మసకకు లెన్సే కారణమన్న అపోహ వల్ల వేల రూపాయలు పోగొట్టుకున్నవారిని చూశాను. మొదట్లో నేనూ అలాగే పోగొట్టుకున్నాను. 1:1 వద్ద, అంటే పురుగు బొమ్మ సెన్సరు మీద అసలు సైజులోనే పడేంత దగ్గరగా వెళ్ళినప్పుడు, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11కు (ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) పెట్టినా సెన్సరుకు చేరే వెలుతురు ఎఫ్/22 పాటిదే, అయినా ఫోకస్‌లో నిలిచేది దాదాపు ఒక మిల్లీమీటరు మందం మాత్రమే. అది చాలదని ఎఫ్/22కు వెళితే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం వల్ల, బొమ్మ మొత్తం మెత్తబడుతుంది, షట్టర్ నెమ్మదిస్తుంది, చిన్న గాలికే కొమ్మ ఊగి ఉన్నదీ పోతుంది.

నిరుడు ఒక కుర్రవాడు వాయిదాల మీద కొన్న మాక్రో లెన్సును అమ్మేసి, అంతకన్నా ఖరీదైనది తీసుకుంటానని వచ్చాడు. జిల్లేడు పూల మీద తుమ్మెదను తీసిన ఫోటోలన్నీ ఎఫ్/22, 1/60 సెకనులో ఉన్నాయి. మర్నాడు అదే లెన్సు మీద నా పాత ఫ్లాష్ పెట్టి, టీవీ పెట్టెలో వచ్చిన తెల్లని ఫోమ్ షీటును దాని ముందు వంచి కట్టి, ఎఫ్/11, 1/200, ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 100లో తీయించాను. ఫ్లాష్ పవర్ తగ్గినకొద్దీ మెరుపు నిడివి తగ్గుతుంది కనుక చేతి వణుకు దాదాపు కనబడదు. ఫోమ్ షీటు పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే నల్లని వీపు మీద వెలుతురు అంత మెత్తగా పరచుకుంటుంది. ఫోకస్ రింగును ముట్టుకోకుండా, ఒళ్ళే కాస్త ముందుకూ వెనక్కూ ఊపుతూ తీయమన్నాను. తెర మీద పెద్దది చేసి చూస్తే తుమ్మెద కాలి నూగుకు అంటుకున్న జిల్లేడు పుప్పొడి తిత్తులు, పసుపు రంగులో జంటగా, విడివిడిగా కనిపించాయి. లెన్సు అమ్మకం ఆగిపోయింది.

ఇక, పురుగు కదలకుండా ఉండేందుకు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి తీస్తారన్న మాట వింటే నాకు చిరాకు. కొందరు ఆ పని చేస్తారు కూడా, కానీ దాని అవసరమే లేదు. తెల్లవారుజామున, ఒంటికి ఎండ తగలక ముందు, తూనీగలు పుల్లలను పట్టుకుని ఎక్కడివక్కడే ఉంటాయి.

తొలి వానలకు నేల మీదికొచ్చే ఆరుద్ర పురుగు కుడుతుందని భయపడేవారు నిశ్చింతగా నేల మీద బోర్లా పడుకుని తీయవచ్చు. అది మనుషులను ఏమీ చేయదు. అన్నట్టు, కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. అది కీటకమే కాదు.