పాత గోడల రంగులు ఎలా చదువుతారు? తంజావూరు నుంచి మన ఊరి గుడి దాకా

ఏదైనా పాత గుడికో బంగళాకో మళ్లీ రంగులు వేయించాలంటే ముందొచ్చే ప్రశ్న, అసలు ఇక్కడ ఏ రంగుండేది అని. ఊళ్లో పెద్దాయన్ని అడిగితే మా చిన్నప్పుడు పసుపచ్చగా ఉండేదంటాడు, వాళ్ల అన్నయ్యని అడిగితే కాదు గులాబీ అంటాడు, పాత ఫోటో దొరికిందా అది బ్లాక్ అండ్ వైట్, లెక్కల పుస్తకంలో కూలీ ఎంతిచ్చారో ఉంటుంది గానీ షేడు ఉండదు. అన్నదమ్ములిద్దరూ నిజమే చెప్తుండొచ్చు కూడా, ఎందుకంటే గోడ ఒకటే అయినా దాని మీద రంగు చాలాసార్లు పడి ఉంటుంది. ఆ పొరల్ని విడివిడిగా చూసి ఏది ముందు, ఏది తర్వాత, దేంతో చేశారు అని తేల్చే పని ఒకటుంది, కెమిస్ట్రీ, జియాలజీ, చరిత్ర మూడూ కలిసిన పని.

పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. గోడలో ఇప్పటికే పగులున్న చోటో, తలుపు చట్రం పక్కనో, ఎవరూ గీకని మూల చూసుకుని ఆపరేషన్లకి వాడే సన్న బ్లేడుతో అర మిల్లీమీటరు, మహా అయితే ఒక మిల్లీమీటరు ఉండే పెచ్చు లేపుతారు. పైపొర ఒక్కటే ఊడొస్తే లాభం లేదు, అడుగున గార దాకా తెగాలి. దాన్ని చిన్న అచ్చులో పెట్టి నీళ్లలా ఉండే రెజిన్ పోస్తారు, అది గట్టిపడ్డాక ఒక పక్క నుంచి అరగదీయడం మొదలుపెడతారు, ముందు గరుకు కాగితం, తర్వాత నున్నటిది, ఇంకా నున్నటిది, మెరుపొచ్చేదాకా. అప్పుడు మైక్రోస్కోపు కింద పెడితే పూతరేకుని అడ్డంగా కోసి పక్కనుంచి చూసినట్టు పొర మీద పొర కనిపిస్తుంది.

కానీ పొరలు లెక్కపెట్టేస్తే అయిపోదు. రెండు పొరల మధ్య సన్నగా నల్ల గీత ఉందా లేదా అన్నది చూడాలి. ఆ గీత దుమ్మూ దీపాల మసీ. గీత ఉందంటే కింది రంగు కొన్నేళ్లు గాలికీ పొగకీ బయటే ఉంది, జనం దాన్ని చూశారు. గీత లేకుండా రెండు పొరలు అతుక్కుపోయి ఉంటే అవి చాలావరకు ఒకేసారి వేసినవే, కిందది ఉత్త ప్రైమర్, అంటే అసలు రంగుకి ముందు వేసే అడుగు పూత, అయ్యుండొచ్చు. ఈ తేడా పట్టించుకోకపోతే ప్రైమర్ని పట్టుకుని ఇదే ఒరిజినల్ కలరు అని బిల్డింగ్ మొత్తం కొట్టించే ప్రమాదముంది. అలాగే కింది పొరలో చిన్న పగులుండి అందులోకి పై రంగు దిగిందనుకోండి, పై రంగు వేసేనాటికే కిందది పాతబడి నెర్రెలిచ్చిందని అర్థం. తర్వాత అదే ముక్క మీద అల్ట్రావయొలెట్ లైటు వేస్తారు, లక్కతో చేసిన వార్నిష్ నారింజ రంగులో వెలుగుతుంది, జింక్ వైట్ గట్టిగా మెరుస్తుంది, టైటానియం వైట్ మాత్రం చీకటిగా ఉండిపోతుంది. మామూలు లైట్లో ఈ రెండు తెలుపులూ ఒకేలా ఉంటాయి మరి.

ఇక ఏ పొర ఎప్పటిది అన్నది. దీనికి పనికొచ్చేవి పుట్టినరోజు తెలిసిన రంగులు. ప్రష్యన్ బ్లూ 1700ల మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది, టైటానియం వైట్ 1916 ప్రాంతంలో గానీ ఫ్యాక్టరీల నుంచి బయటికి రాలేదు, కాబట్టి అది కనిపించిన పొర 20వ శతాబ్దం కంటే పాతది కాదు. మనకి ఇంకా దగ్గరిది నీలిమందు. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి వెల్ల వేస్తే తెలుపు ఇంకాస్త తెల్లగా కనిపిస్తుందని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఆ నీలం అల్ట్రామెరీన్. ఒకప్పుడు దీన్ని అఫ్ఘానిస్తాన్ బదక్షాన్ గనుల్లో దొరికే లాపిస్ లాజులీ రాయిని నూరి తీసేవాళ్లు, అజంతా బొమ్మల్లో ఉన్న నీలం అదే. ఫ్యాక్టరీలో చేసేది 1828లో వచ్చింది, ఫ్రాన్స్‌లో గిమే, జర్మనీలో గ్మెలిన్ ఇంచుమించు ఒకే టైములో దారి కనుక్కున్నారు. కెమిస్ట్రీ పరంగా రెండూ ఒకటే, కానీ మైక్రోస్కోపులో దొరికిపోతాయి. రాయి నూరింది ముక్కలు చెక్కలుగా, పక్కన కాల్సైట్ లాంటి ఇతర ఖనిజాల తునకలతో ఉంటుంది, ఫ్యాక్టరీది సన్నగా, గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో. అంటే పాత గుడి గోడ మీద పది సున్నం పొరలుండి కింద నుంచి ఆరోదాంట్లో ఆ గుండ్రటి నీలం మొదటిసారి కనిపిస్తే, ఆరు నుంచి పైనున్నవన్నీ 1828 తర్వాతవే అని ఖాయంగా చెప్పొచ్చు.

అసలు నీలిమందే ఎందుకు, ప్రష్యన్ బ్లూ ఎందుకు వాడలేదు అంటే సున్నం దాన్ని బతకనివ్వదు. సున్నానికి క్షారగుణం ఎక్కువ, అందులో ప్రష్యన్ బ్లూ విరిగిపోయి తుప్పు రంగుకి దిగుతుంది. అల్ట్రామెరీన్ తట్టుకుంటుంది. జేగురు, పసుపు మట్టి, పచ్చ మట్టి, మసి ఇవీ తట్టుకుంటాయి, అందుకే తడి గార మీద వేసిన పాత బొమ్మల్లో ఎక్కడ చూసినా ఇవే. లేపాక్షి కప్పు మీద మనకి కనిపించే ఎరుపులూ పసుపులూ నలుపులూ కూడా ఎక్కువగా ఈ మట్టి రంగుల కుటుంబమే.

పెచ్చు కూడా లేపకుండా చూడొచ్చా అంటే కొంతవరకు చూడొచ్చు. హెయిర్ డ్రయ్యర్ సైజులో ఎక్స్‌ఆర్ఎఫ్ అనే మెషీన్ ఉంటుంది, గోడకి ఆనించి ట్రిగ్గర్ నొక్కితే ఎక్స్ కిరణాలు పంపి అక్కడ ఏ మూలకాలున్నాయో చెప్తుంది. ఇనుము వస్తే జేగురు లాంటి మట్టి రంగు, పాదరసం వస్తే ఇంగిలీకం అనే ఎరుపు, సీసం వస్తే సీసపు తెలుపో సింధూరమో (సీసం నుంచి చేసే నారింజ ఎరుపు). సూపర్ అనిపిస్తుంది గానీ దీని లోపాలు దీనికున్నాయి. పైపొరదీ అడుగు పొరదీ కలిపి ఒకే లిస్ట్ ఇస్తుంది, ఏది ఎక్కడిదో చెప్పదు. తేలిక మూలకాలు దీనికి సరిగ్గా ఆనవు, నీలిచెట్టు నుంచి తీసిన నీలి అంటే కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ అంతే, కాబట్టి అది గోడ నిండా ఉన్నా ఈ మెషీన్‌కి లేనట్టే. అక్కడ రామన్ స్పెక్ట్రోస్కోపీ కావాలి. లేజర్ వేసి, చెదిరొచ్చిన వెలుగులో వచ్చిన చిన్న మార్పుని బట్టి ఆ అణువు ఏదో పట్టుకునే పద్ధతి, 1928లో సి.వి.రామన్ కనిపెట్టిన ఎఫెక్టే (ఆయన స్కూలు చదువు విశాఖపట్నంలోనే, మనవాళ్లు ఈ మాట ఎక్కడైనా దూరుస్తారు, నేనూ దూర్చాను).

సరే, రంగు దొరికింది, పేరు తెలిసింది. అయినా కంటికి కనిపించేది నమ్మకూడదు. సింధూరం వెలుతురూ తేమా తగిలి లెడ్ డయాక్సైడ్‌గా మారితే ముదురు గోధుమ రంగు, నలుపు అయిపోతుంది. చైనాలో మొగావో గుహల బొమ్మల్లో కొన్ని ముఖాలు నల్లగా ఉన్నాయంటే చిత్రకారుడు అలా వేశాడని కాదు, ఒంటి రంగులో కలిపిన సింధూరం చేసిన పని అది. అవిసె నూనెతో కలిపిన రంగు చీకట్లో పసుపెక్కుతుంది, పైపొరల కింద కప్పబడిపోయిన రంగంటే చీకట్లో ఉన్నట్టే కదా. అమెరికాలో మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ గారి మౌంట్ వెర్నాన్ ఇల్లుంది, అందులో చిన్న భోజనాల గదికి 1785లో రాగి చిలుము నుంచి చేసిన పచ్చరంగు వేశారు. పెద్దమనుషుల ఇల్లంటే లేత రంగులే అని జనం అనుకుంటుంటే పరీక్షల్లో ఆ ఘాటు పచ్చ బయటపడింది. పాతకాలం అనగానే వెలిసిపోయిన రంగులు ఊహించుకోవడం మన అలవాటు, వాళ్లేమో డబ్బులు పెట్టింది మెరవడానికే.

మన దగ్గర దీనికి పెద్ద ఉదాహరణ అజంతా. ఆ గుహలు నిజాం రాజ్యంలో ఉండేవి, హైదరాబాద్ పురావస్తు శాఖకి గులాం యజ్దానీ డైరెక్టర్. 1920 నుంచి 1922 మధ్య ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు నిపుణుల్ని పిలిపించి ఊడిపోతున్న బొమ్మల్ని గోడకి అతికించే పని చేయించారు, చాలా బొమ్మలు ఇవాళ గోడ మీద నిలబడ్డాయంటే ఆ పని పుణ్యమే. కానీ పైన పూసిన లక్క వార్నిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, గోధుమ రంగై, దుమ్ము పట్టి కూర్చుంది. పసుపు అద్దంలోంచి చూస్తే నీలం పచ్చగా కనిపిస్తుంది, అదే జరిగింది. తర్వాత దాన్ని తీయడానికి ఆర్కియాలజికల్ సర్వే కెమిస్టులు దశాబ్దాలు కష్టపడుతూనే ఉన్నారు, ఎందుకంటే వార్నిష్‌ని కరిగించేది కింది రంగుని కదిలించకూడదు, అది చదరపు అంగుళం చొప్పున చేసే పని. నిజాం ప్రభుత్వాన్ని తిట్టడానికేం లేదు, ఆ రోజుల్లో బెస్ట్ అనుకున్నదే చేశారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే చిక్కుగా అనిపించే కేసు, తంజావూరు. 1010లో రాజరాజ చోళుడు పూర్తిచేయించిన బృహదీశ్వరాలయంలో గర్భగుడి చుట్టూ చీకటి ప్రదక్షిణ మార్గముంది. అక్కడి గోడల మీద నాయక రాజుల కాలం బొమ్మలుండేవి. 1931లో అన్నామలై యూనివర్సిటీకి చెందిన ఎస్.కె.గోవిందస్వామి ఆ బొమ్మలు పెచ్చులూడిన చోట కింద ఇంకో బొమ్మ ఉందని గమనించాడు, చోళులది, అప్పటికి తొమ్మిది వందల ఏళ్లది. మద్రాస్ మ్యూజియం కెమిస్ట్ పరమశివన్ ఆ గార ముక్కల్ని పరీక్షించి ఇవి తడి సున్నం మీద వేసినవని తేల్చాడు. తడి సున్నం గాల్లో కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది, రంగు రేణువులు అందులో ఇరుక్కుపోతాయి, వేరే జిగురు అక్కర్లేదు. పైన ఇంకో గార పడినా అవి చెక్కుచెదరకపోవడానికి ఇదే కారణం.

మరి కిందది చూడాలంటే పైది పోవాలి. పైది ఎవరిది? తెలుగు నాయకులది, రఘునాథ నాయకుడి ఆస్థానం అంటే తెలుగు సాహిత్యానికి ఒక కాలం. నాలుగు వందల ఏళ్ల నాటిది చిన్న విషయమా? సైన్స్ ఇక్కడ రెండు పొరలూ చూపించగలదు గానీ ఏది ఉంచాలో చెప్పదు, అది మనుషులు తేల్చుకోవాల్సింది. ఆర్కియాలజికల్ సర్వే వాళ్లు పై బొమ్మని గారతో సహా లేపి ఫైబర్‌గ్లాస్ పలకల మీద ఎక్కించే పద్ధతి తయారుచేసుకున్నారు, అలా 16 నాయక చిత్రాలు విడదీసి గుడి ఆవరణలోనే ప్రదర్శనకి పెట్టారు, కింద చోళులవి బయటపడ్డాయి. నా మట్టుకు నాకు అది ఒప్పుకోదగ్గ రాజీయే, కానీ గోడ నుంచి విడిపోయిన గోడబొమ్మ ఇక గోడబొమ్మ కాదు అన్న వాదన కూడా తీసిపారేయలేం. ఒక్కటి మాత్రం నిజం, కింద ఏముందో, పైదాన్ని ఏ జిగురు పట్టుకుందో తెలియకుండా ఉలి పెట్టి ఉంటే ఈ వాదించుకునే అవకాశం కూడా ఉండేది కాదు.

మన ఊళ్లలో జరుగుతున్నది ఎక్కువగా అలా తెలియకుండా ఉలి పెట్టడమే. జాతరకి ముందు కమిటీ కూర్చుంటుంది, పాత సున్నం గీకించేస్తారు, ఎమల్షనో ఎనామిలో కొట్టిస్తారు. సున్నం గోడ తేమని బయటికి వదులుతుంది, ప్లాస్టిక్ పెయింట్ ఆ దారి మూసేస్తుంది, నేలలోంచి ఎక్కిన నీళ్లు ఉప్పులతో సహా పెయింట్ వెనకాల ఆగి, అక్కడ ఉప్పు గడ్డకట్టి గారని లోపల్నుంచి పగలగొడుతుంది. రెండు మూడు వానాకాలాలకి బుడగలొస్తాయి, తర్వాత రంగు గారతో సహా ఊడిపడుతుంది, దాంతోపాటు కిందున్న పాత పొరలూ పోతాయి. ల్యాబులూ మెషీన్లూ అందరికీ అందవు నిజమే, కానీ ఈసారి గీకించేముందు కనీసం వాన తగలని ఒక మూల రెండు జానల వెడల్పు పట్టీ ముట్టుకోకుండా వదిలేయమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి, సుద్దతో గీత గీసి మరీ చూపించండి, లేకపోతే ఆయన పనితనం కొద్దీ అది కూడా శుభ్రంగా గీకేస్తాడు.