అసలు కదలకూడదు, వడ్డీతో దీపం వెలగాలి

మా ఇంట్లో పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక గుడి రసీదు బయటపడింది. 1978లో మా తాతగారు కట్టిన 116 రూపాయల శాశ్వత పూజ రసీదు. కింద చిన్న అక్షరాలతో అచ్చేసి ఉంది: ఈ సొమ్ము బ్యాంకులో డిపాజిట్ చేసి, దాని మీద వచ్చే వడ్డీతో ఏటా మీరు కోరిన తిథినాడు పూజ జరిపించబడును. అసలు వాడబడదు.

ఈ పద్ధతి మనకు ఎంత అలవాటంటే దాని గురించి ఆలోచించం. నిత్యాన్నదానం, గోసంరక్షణ, వేదపాఠశాల, కాలేజీలో అమ్మమ్మ పేరున బంగారు పతకం, అన్నిటికీ ఇదే సూత్రం. ఇప్పుడు చిక్కల్లా వడ్డీ రేట్లతోనే వచ్చింది. 1990ల మధ్యలో పన్నెండు శాతం దాకా ఇచ్చిన డిపాజిట్లు ఇప్పుడు ఆరేడు శాతం దగ్గర ఆగిపోయాయి. పువ్వులు, కొబ్బరికాయల ధర మాత్రం ఆగలేదు. కొన్ని గుళ్లు 'శాశ్వతం' అంటే పదేళ్లేనని నిబంధన రాసుకున్నాయి. దాతల వారసులు గొడవపడుతున్నారు, గుమాస్తాలు తల పట్టుకుంటున్నారు. అసలు ఈ 'అసలు ముట్టుకోకూడదు' అన్న ఆలోచన ఎక్కడిదని వెనక్కి వెళ్తే, గుడికంటే ముందు ఒక మగ్గాల గుంపు కనిపిస్తుంది.

నాసిక్ ఊరి బయట కొండ మీద పాండవ లేణి గుహలున్నాయి. పాండవులకూ వాటికీ సంబంధం లేదు, అవి బౌద్ధ భిక్షువులు వానాకాలం గడపడానికి తొలిపించినవి. పదో గుహ వరండాలో, గదుల తలుపుల పైన, ఉషవదాతుడు చెక్కించిన ప్రాకృత శాసనం ఉంది. క్షహరాట వంశపు రాజు నహపానుడి అల్లుడాయన. 42వ ఏట, శక సంవత్సరంగా లెక్కేస్తే క్రీ.శ. 120లో, 3,000 కహాపణాలు, అంటే అప్పటి నాణేలు, దానం చేశాడు. ఆ డబ్బు భిక్షువుల చేతికివ్వలేదు, మామగారి ఖజానాలోనూ పెట్టలేదు. గోవర్ధనంలో ఉన్న రెండు సాలెల శ్రేణులకు, అంటే వృత్తి సంఘాలకు ఇచ్చాడు. శాసనం వాటిని 'కోలిక నికాయం' అంటుంది.

లెక్క చూడండి. మొదటి శ్రేణికి 2,000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. అంటే నెలకు 20, ఏడాదికి 240. గుహలో వర్షాకాలం ఉండే 20 మంది భిక్షువులకు తలా 12 కహాపణాలు, చీవరాల కోసం, అంటే వాళ్లు కట్టుకునే బట్టల కోసం. ఇరవై పన్నెండ్లు సరిగ్గా 240. ఒక్క కహాపణం మిగల్లేదు, తగ్గలేదు. రెండో శ్రేణికి 1,000, నెలకు ముప్పాతిక వంతు వడ్డీ. ఏడాదికి వచ్చే 90 భిక్షువుల ఇతర ఖర్చులకు. ఎవరో కూర్చుని, ముందు ఖర్చు రాసుకుని, దాన్నిబట్టి అసలు ఎంత పెట్టాలో వెనక్కి లెక్క కట్టారని నాకనిపిస్తుంది. ఇప్పటి ట్రస్టు ఆడిటర్ చేసే పని అదే.

ఆ తర్వాత రెండు మాటలున్నాయి. 'అపడిదాతవా', తిరిగి చెల్లించనక్కర్లేనివి. 'వధిభోజా', వడ్డీ మాత్రమే అనుభవించదగినవి. వృద్ధి అన్న సంస్కృతం ప్రాకృతం నోట్లో అలా నలిగింది. మన వడ్డీ కూడా ఆ చుట్టమే. తాతగారి రసీదులో చిన్నక్షరాల వాక్యం దాదాపు 1,900 ఏళ్ల కిందట రెండు మాటల్లో చెక్కి ఉందన్నమాట. ఈ ఒప్పందాన్ని నిగమ సభలో, అంటే పట్టణ సభలో చదివి వినిపించారనీ, ఆచారం ప్రకారం పలకల మీద నమోదు చేశారనీ కూడా శాసనమే చెబుతుంది. ఇప్పటి భాషలో రిజిస్ట్రేషన్ అయిందన్నమాట.

ఇలాంటి నిధి పేరు అక్షయనీవి. నీవి అంటే నిఘంటువుల్లో రెండు అర్థాలు: నడుం దగ్గరి బట్ట ముడి, వ్యాపారంలో పెట్టిన మూలధనం. రొంటిన దోపుకున్న డబ్బు అని మనం అనడం లేదూ, ఆ రెండర్థాలకూ చుట్టరికం అక్కడే ఉందేమో. తరగని ముడుపు.

సాలెలకు ఇందులో ఏం లాభం? లాభమే. ఎన్నడూ తిరిగి కట్టక్కర్లేని పెట్టుబడి దొరుకుతుంది. మనుస్మృతి చెప్పే మామూలు వడ్డీ నెలకు ఎనభయ్యో వంతు, అంటే ఏడాదికి 15 శాతం. ఇక్కడ 12, తొమ్మిది. నూలు కొనడానికి, మగ్గం బిగించుకోవడానికి అంతకంటే చౌకగా అప్పు ఎవరిస్తారు? ఇక దాత వైపు నుంచి చూస్తే శ్రేణి చావదు. ఒక సాలె పోతే కొడుకు వస్తాడు, ఒక పెద్ద దిగిపోతే ఇంకొకడు కూర్చుంటాడు.

రాజులకైతే అంత భరోసా లేదు. ఉషవదాతుడి మామ నహపానుణ్ణి గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌తెంబిలో 13,000కు పైగా నహపానుడి వెండి నాణేలు దొరికాయి. వాటిలో ఎక్కువ వాటి మీద శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. పాత రాజు మొహం మీదే కొత్త రాజు గుర్తు. అలాంటి కాలంలో డబ్బు అంతఃపురంలో కాక మగ్గాల దగ్గర దాచిన అల్లుడుగారు తెలివైనవాడే.

నాసిక్‌లోనే తర్వాతి కాలపు ఆభీరుల శాసనంలో విష్ణుదత్త అనే ఉపాసిక జబ్బుపడిన భిక్షువుల మందుల కోసం సొమ్ము పెట్టింది. పుచ్చుకున్నవాళ్లలో నీటియంత్రాలు చేసేవారి శ్రేణి ఉంది, గానుగవారి శ్రేణి ఉంది. మందుల ఖర్చుకు నూనె గానుగ పూచీ అన్నమాట.

మన వైపు ఈ కథ ఇంకా పాతది. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించినప్పుడు రాతి పేటికలు, లోపల స్ఫటిక భరిణెలు దొరికాయి. పేటికల మీద క్రీస్తు పూర్వపు బ్రాహ్మి లిపి. ఒకచోట 'నెగమా' అని రాసి, కింద వరసగా పేర్లు. నిగమం సభ్యుల జాబితా. గుడి గోడ మీద చందాదారుల పేర్ల బోర్డు గుర్తుకు రావట్లేదూ? ఇంకోచోట కుబీరక రాజు పేరుంది, అదీ సీహగోఠికి పెద్దగా. గోఠి అంటే గోష్ఠి. రాజు కూడా ఒక సంఘంలో సభ్యుడిగా, పెద్దగా చెప్పుకోవడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

తర్వాత ఇక్ష్వాకుల నాగార్జునకొండ. సాగర్ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వి చూశారు. అక్కడి నాలుగో శతాబ్దపు శాసనం ఒకటి శాశ్వత నిధిని నాలుగు శ్రేణులకు పంచి ఇచ్చింది. ఒకదానికి 70 దీనారాలు, తక్కిన మూడిటికి పదేసి. పేర్లు చదవడానికి వీలైనవి రెండే: పాణిక, పూవిక. అంటే బహుశా తమలపాకులవాళ్లు, పిండివంటలవాళ్లు. కృష్ణ ఒడ్డున తమలపాకు, అప్పాలు అమ్ముకునేవాళ్లు దేవుడి సొమ్ముకు బ్యాంకర్లు. మొత్తం ఒకరికే ఇవ్వకుండా నలుగురికి పంచడం కూడా గమనించాల్సిందే. డిపాజిట్లన్నీ ఒకే బ్యాంకులో పెట్టొద్దని ఇప్పటి పెద్దవాళ్లు చెప్పేది అదే కదా.

గుప్తుల నాటికి షరతులు ఇంకా పదునెక్కాయి. క్రీ.శ. 465 ప్రాంతంలో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని ఇంద్రపురంలో, దేవవిష్ణువనే బ్రాహ్మణుడు సూర్యదేవాలయ దీపం కోసం తెలికల శ్రేణికి దానం ఇచ్చాడు. రాగిరేకు మీద రాసిన షరతు ఇది: శ్రేణి ఈ ఊరు వదిలి వెళ్లిపోయినా సరే, అది కలిసికట్టుగా ఉన్నంతకాలం నూనె పోయాల్సిందే. బాధ్యత ఊరిది కాదు, గుంపుది.

ఆ తర్వాత శతాబ్దాల్లో ఇలాంటి శాసనాలు పలచబడతాయి. చేతివృత్తులు పుట్టుకతో వచ్చే కులాలుగా గట్టిపడ్డాయి, దానాలు నగదు నుంచి భూమికి మళ్లాయి, గుడి తానే పెద్ద ఆసామి అయింది. ఎందుకన్నదాని మీద చరిత్రకారుల వాదనలు చాలా ఉన్నాయి, అందులోకి పోను. సూత్రం మాత్రం వేషం మార్చి బతికింది.

ఆ వేషం చూడాలంటే ద్రాక్షారామం వెళ్లాలి. భీమేశ్వరాలయం స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలు. వాటిలో చాలావరకు అఖండదీపాలకే. దాత ఒక మంద గొర్రెల్ని ఇస్తాడు. వాటిని ఫలానా బోయడు, అంటే కాపరి, పుచ్చుకుని, తాను, తన కొడుకులు, మనుమలు, సూర్యచంద్రులున్నంత కాలం 'నిత్య మానెండు నేయి' గుడికి పోయాలి. ఇక్కడ అసలు గొర్రెలు, వడ్డీ నెయ్యి. మంద పెరిగితే పెరిగింది కాపరిదే, ఉన్ని కాపరిదే, గుడికి కావలసింది నెయ్యే. తమిళ శాసనాలు ఇంకో అడుగు ముందుకేసి ఈ గొర్రెల్ని 'సావా మూవా పేరాడు' అన్నాయి, చావని ముసలివి కాని గొర్రెలు. అక్కడ ఒక దీపానికి 96 గొర్రెలు మామూలు లెక్క. గొర్రెలు చస్తాయి, కాగితం మీద మాత్రం చావవు. తెగులొచ్చి సగం మంద పోతే నష్టం ఎవరిదో వేరే చెప్పాలా? నాసిక్‌లో నష్టమొస్తే శ్రేణి మొత్తం పంచుకునేది, ఇక్కడ ఒక్క కాపరి కుటుంబం నెత్తిన, అదీ తరతరాలకు పడింది. భక్తి శాసనంగా చదివి వదిలేస్తాం గానీ, దీన్ని అప్పుపత్రంగా కూడా చదవొచ్చు.

వర్తకుల సంఘాలు మాత్రం ఈ కాలంలో ఇంకా పెద్దవయ్యాయి. కర్ణాటకలోని ఐహోళె పేరు మీద వెలసిన అయ్యావొళె ఐదునూరువరు దక్షిణాదంతా తిరిగారు. వాళ్లు 1088లో వేయించిన తమిళ శాసనం సుమత్రా దీవిలో దొరికింది. మన దగ్గర 'ఉభయ నానాదేశి పెక్కండ్రు' అని శాసనాలు పిలిచింది ఇలాంటి వర్తకుల్నే. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం వాళ్ల ధైర్యం కోసమే: గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు లాక్కునేవారు, ఇక నుంచి ముప్పయింట ఒక వంతు సుంకం తప్ప ఏమీ తీసుకోం అని.

ఈ సంఘాలు తమ మీద తామే వేసుకున్న పన్ను మగమ. బస్తాకింత, బండికింత అని సంతలోనే తీసి గుడికి, సత్రానికి ఇచ్చేవారు. పక్కనే తమిళనాట విరుదునగర్ నాడార్లు ఇలాంటి మగమై నిధితోనే 1889లో క్షత్రియ విద్యాశాల పెట్టారు. 1921లో తూత్తుకుడిలో వాళ్ల బ్యాంకే వెలసింది. ఇప్పటి తమిళనాడ్ మర్కంటైల్ బ్యాంకు అదే. శ్రేణి బ్యాంకు కావడం ఇంత నేరుగా ఇంకెక్కడా కనిపించదు.

ఇది మన ఒక్కరి కథే అనుకోనక్కర్లేదు. లండన్ మేయర్ రిచర్డ్ విటింగ్టన్ వదిలిన ఆస్తితో 1424లో పెట్టిన పేదల వసతిగృహాన్ని మెర్సర్స్ అనే బట్టల వర్తకుల సంఘానికి అప్పజెప్పారు. 600 ఏళ్లయింది, ఆ ధర్మం ఇంకా నడుస్తోంది, చూసుకునేదీ ఆ సంఘమే. అన్నీ అలా మిగల్లేదు. 1547లో ఆరో ఎడ్వర్డ్ కాలపు చట్టం, చచ్చినవాళ్ల ఆత్మశాంతి ప్రార్థనలకని సంఘాల దగ్గర ఉన్న నిధుల్ని సర్కారుకు రాసేసింది.

మళ్లీ మన కొండకు వద్దాం. విజయనగర కాలంలో తిరుమల గుడి ఖజానా అయిన శ్రీభండారంలో దాతలు సొమ్ము కట్టేవారు. దేవస్థానం ఆ సొమ్ముతో తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించి, పెరిగిన పంటతో నైవేద్యాలు నడిపేది. ప్రసాదంలో నాలుగో వంతు దాతది. వడ్డీ కాలువలోంచి వచ్చేది. పెట్టుబడి, ధర్మం, ఊరికి నీళ్లు మూడూ ఒకే డబ్బుతో సాగిన ఆ ఏర్పాటు నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చుతుంది.

ఆ తర్వాతిది కాగితాల చరిత్ర. కంపెనీ ప్రభుత్వం 1817 రెగ్యులేషన్‌తో గుళ్ల ఆస్తులు చేతిలోకి తీసుకుంది, 1863 చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం చేతులు దులుపుకుంది. 1925లో మద్రాసు శాసనసభ మళ్లీ చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ 1966లో ఒకటి, 1987లో ఇంకొకటి. 1985లో తిరుమలలో నిత్యాన్నదానం మొదలైనప్పుడు విరాళాలు జాతీయ బ్యాంకుల్లో వేసి వడ్డీ వాడాలన్నది ఎవరికీ కొత్తగా అనిపించలేదు. ఒకప్పుడు సాలెలు, తెలికలు, తమలపాకులవాళ్లు, కాపరులు కూర్చున్న చోట ఇప్పుడు బ్యాంకు కూర్చుంది. తేడా ఒకటుంది. సాలెల శ్రేణికి భిక్షువులు ఎదురుగా కనపడేవాళ్లు, ఈ ఏడు చీవరాలు రాకపోతే వీధిలో నిలబడి అడిగేవాళ్లు. మన డిపాజిట్ ఏ మగ్గానికి అప్పుగా వెళ్లిందో మనకూ తెలియదు, దేవుడికీ లెక్క చెప్పరు.

తాతగారి రసీదు పట్టుకుని ఆ గుడికి వెళ్లాను. గుమాస్తా పాత పుస్తకం తీసి పేరు వెతికాడు, దొరికింది. క్యాలిక్యులేటర్ నొక్కి నా వైపు తిప్పి చూపించాడు. 116 మీద ఆరున్నర శాతం, ఏడాదికి ఏడు రూపాయల యాభై నాలుగు పైసలు. "పేరు తీసెయ్యలేదండీ, కార్తీక మాసంలో అందరి గోత్రాలతో కలిపి చదివేస్తున్నాం," అన్నాడు. ఎన్ని పేర్లని అడిగితే పుస్తకం మందం చూపించాడు.