సంక్రాంతికి పెరటి టమాటా చేతికందాలంటే

విత్తనాల పొట్లం మీద '60 రోజుల్లో కాపు' అని ఉంటే, ఆ లెక్క విత్తిన రోజు నుంచి కాదు, నారు నాటిన రోజు నుంచి. నారు ఎదగడానికి ఇంకో 25-30 రోజులు కలుపుకోవాలి. ఎంత తొందర రకమైనా గింజ నుంచి పండు దాకా దాదాపు మూడు నెలలు పడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం పెరళ్లలో పెద్ద పండక్కి ఇంటి టమాటా కోయాలంటే అక్టోబరు మొదటి వారం దాటకుండా విత్తుకోవాలి. ఏ రకం అన్నది ఆ తర్వాతి మాట.

రకాల్లో తేడా వచ్చేది రెండు చోట్ల. ఒకటి, మొక్క ఎన్ని ఆకులు వేశాక మొదటి పూలగుత్తి తొడుగుతుందన్నది. తొందర రకాలు ఆరేడు ఆకులకే పూస్తాయి, ఆలస్యపు రకాలు పది దాటితే గానీ పూయవు. పొట్టిగా, గుబురుగా ఎదిగి ఒక ఎత్తుకు వచ్చాక ఆగిపోయే రకాలు ఎక్కువగా తొందరగానే పూస్తాయి. తీగలా పాకుతూ పోయేవి నిదానం, కానీ ఎక్కువ కాలం కాస్తాయి. రెండోది కాయ సైజు. గోలీకాయంత చెర్రీ టమాటా పిందె కట్టిన సుమారు 40 రోజులకు పండుతుంది, పెద్ద కాయకు 50-60 రోజులు కావాలి. అందుకే చాలా పెరళ్లలో ముందు ఎర్రబడేది చెర్రీ రకమే. పులుసుకీ పచ్చడికీ అది చాలదనుకుంటే మధ్యస్థపు కాయ రకాలకు వెళ్లాలి.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (పూసా) వారి పూసా రూబీ నాటిన 60-65 రోజులకు మొదటి కోతకు వస్తుంది. కాయ కాస్త అణిగి, గాడులు పడి ఉంటుంది, పులుపు బాగుంటుంది. పూసా ఎర్లీ డ్వార్ఫ్‌కు పేరులోనే ఎర్లీ ఉన్నా 75-80 రోజులు పడుతుంది. పేరు చూసి కొనకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా రక్షక్ వీటంత తొందరది కాదు. కానీ ఆకుముడత, బాక్టీరియా వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. కాయ 90-100 గ్రాములు తూగుతుంది. హైబ్రిడ్ కాబట్టి దాని కాయల్లోంచి తీసిన గింజ మళ్లీ అలాగే కాయదు. నాలుగు కుండీల చోటుంటే రెండింట్లో చెర్రీ, రెండింట్లో రక్షక్ పెట్టడం మంచి బేరం.

ఆన్‌లైన్‌లో దొరికే సబ్ ఆర్కిటిక్ ప్లెంటీ, సిలెట్జ్ లాంటివి చలిదేశాల కోసం చేసినవి. చల్లటి రాత్రుల్లోనూ పిందె కట్టడమే వాటి గొప్ప. మన పూసా శీతల్‌ది కూడా అదే గుణం. కళింగపట్నం తీరంలో ఆ గుణంతో పనేముంది? మన ఇబ్బంది చలి కాదు, వేడి. టమాటాకు రాత్రి ఉష్ణోగ్రత 15-20 డిగ్రీలుంటే హాయి. రాత్రి 24 దాటినా, పగలు 35 దాటినా పుప్పొడి చెడుతుంది. అదీ పువ్వు విచ్చాక కాదు, వారం పది రోజుల ముందే, మొగ్గలో ఉండగానే. అందుకే మార్చి ఎండల్లో మొక్క నిండా పూలున్నా పిందె నిలవదు. డిసెంబరు, జనవరి రాత్రులే ఇక్కడ అసలైన అదను. మీ మొక్క ఆ రోజుల్లో పూతలో ఉంటే ఏ మామూలు రకమైనా తొందర రకంలాగే కాస్తుంది. ఆలస్యమై ఫిబ్రవరి చివర పూత పడేలా ఉంటే వేడి రాత్రుల్లోనూ పిందె కట్టే పూసా హైబ్రిడ్-1 లాంటిది చూసుకోవాలి.

పువ్వును దగ్గర నుంచి చూస్తే మధ్యలో పసుపు గొట్టంలా కనిపిస్తుంది. పుప్పొడి దాని లోపల ఉంటుంది, గొట్టం అదిరితేనే రాలుతుంది. నల్ల తుమ్మెదలు పువ్వును పట్టుకుని జుమ్మని అదిరించి రాల్చుకుంటాయి. తేనెటీగకు ఆ విద్య రాదు. మేడ మీద గాలి ఆడని మూలనున్న కుండీలకు ఆ పని మీరే చేయాలి. ఉదయం 9-11 గంటల మధ్య, పూరేకులు వెనక్కి వాలిన పువ్వుల గుత్తి కాడను వేలితో నాలుగైదు సార్లు మీటండి. రోజు విడిచి రోజు చేస్తే చాలు. తీరపు ఉక్కలో పొడి తడిసి అంటుకుపోతుంది కాబట్టి మంచు ఆరకముందు మీటినా లాభం లేదు. పువ్వు కాడకు మధ్యలో చిన్న కణుపు ఉంటుంది. అక్కడ పసుపు రంగు తిరిగిందంటే ఆ పువ్వు ఒకటి రెండు రోజుల్లో రాలిపోతుంది.

నారుకు ప్రోట్రేలో (గుంటలున్న ప్లాస్టిక్ నారు ట్రే) తడిపిన కొబ్బరి పొట్టు నింపి, సెంటీమీటరు లోతున గింజ పెట్టండి. వారానికి మొలుస్తుంది. తెల్లదోమ దూరకుండా సన్నటి నైలాన్ వల కప్పాలి, ఆకుముడత వైరస్ చాలాసార్లు నారులోనే అంటుతుంది. నాలుగైదు ఆకులు రాగానే, 30 రోజులు మించకుండా నాటండి. ట్రేలో ముదిరిన నారు నాటాక కోలుకునేసరికి, తొందర రకం వల్ల కలిసొచ్చిన రోజులన్నీ పోతాయి. కాడను అడుగు ఆకుల దాకా మట్టిలో పూడిస్తే పూడిన చోటల్లా వేర్లు పుడతాయి.

అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల నెలలు. 2018లో తిత్లీ, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. కాబట్టి ట్రేలు వరండాలో ఉండాలి, పెరట్లో మడి జానెడు ఎత్తుండాలి. నీరు నిలిచిన ఎర్రనేలలో మొక్క పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాలిపోతే, కాడను కోసి గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టండి. కోత నుంచి పాలదారాల్లా జారితే అది బాక్టీరియా వడలు తెగులే. మందుతో పోదు. మొక్కను వేర్లతో తీసి కాల్చేయాలి. ఆ చోట వంగ, మిరప కూడా వేయకూడదు.

ఎరువు విషయంలో మోజు ఎక్కువై చెడగొట్టుకుంటారు. మాగిన గెత్తం (పశువుల ఎరువు) ఒక వంతు, మట్టి రెండు వంతులు, కొబ్బరి పొట్టు ఒక వంతు చాలు. కుండీ 12 అంగుళాలకు తగ్గకూడదు. యూరియా, కోళ్ల ఎరువు దండిగా వేస్తే మొక్క అరచేతి మందాన ఆకులేసి పూతను వాయిదా వేస్తుంది. నీళ్లు ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచెత్తితే కాల్షియం కాయకు అందక అడుగు నల్లబడుతుంది. పక్క కొమ్మలు గిల్లమని వీడియోల్లో చెప్పే సలహా తీగ రకాలకే. పొట్టి రకాన్ని గిల్లితే కాపునే గిల్లినట్టు.

కాయ అడుగున గులాబీ చాయ తిరగగానే కోసి ఇంట్లో పెట్టుకోవచ్చు, రుచి పెద్దగా తగ్గదు. ఉడతలు, చిలకలు ముందే నోరు పెట్టకుండా ఉంటాయి, పైగుత్తులకూ బలం దక్కుతుంది. 30 డిగ్రీలు దాటే ఎండలో వదిలేస్తే ఎరుపు సరిగా పట్టక పసుపు చారలు మిగులుతాయి. కోసినవాటిని ఫ్రిజ్‌లో కాకుండా నీడపట్టున, తొడిమ కిందికి వచ్చేలా పరిచి పెట్టండి. నాలుగైదు రోజుల్లో పండుతాయి.