వంకర పాదాల బిడ్డలు: కట్టు విప్పాక మొదలయ్యే పని

పుట్టిన బిడ్డ పాదం లోపలికి మెలితిరిగి, మడమ పైకి లాగేసినట్టు ఉంటే దాన్ని క్లబ్‌ఫుట్ అంటాం. వెయ్యి మంది శిశువుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. వారిలో సగం మందికి రెండు పాదాలూ అలాగే ఉంటాయి. నేను ఫిజియోథెరపిస్టును. మన్యం ఊళ్ల వాళ్లు వచ్చే ప్రభుత్వాసుపత్రిలో వారానికొక రోజు ఈ పిల్లల కోసమే కూర్చుంటాం. అక్కడ తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: తల్లి గ్రహణం చూడటం వల్లే ఇలా అయింది.

బిడ్డ కాలికి కట్టు కడుతుంటే అత్తగారు ఈ మాట పైకే అంటుంది. తల్లి తల ఎత్తదు. ఈ మెలిక గర్భంలో పాదం ఎదిగే దశలోనే పడుతుంది. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది, ఎక్కువ మందిలో ఇదీ కారణమని చెప్పలేం. గ్రహణానికీ, ఆమె కూర్చున్న తీరుకూ, తరిగిన కూరగాయలకూ సంబంధం లేదు. ఈ సంగతి నేను తల్లికి కాదు, అత్తగారికే అందరి ముందూ చెబుతాను.

అపోహ: నూనె మర్దనా చేస్తే నడిచే వయసుకు అదే సర్దుకుంటుంది.

సర్దుకోదు. ఎదురుచూసిన కొద్దీ పాదం బిగుసుకుపోతుంది. పుట్టిన వారం, రెండు వారాల్లో తీసుకొస్తే మంచిది.

అపోహ: పట్నంలో పెద్ద ఆపరేషన్ చేయాల్సిందే.

అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ ఇగ్నాసియో పోన్సెటి రూపొందించిన పద్ధతిలో పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ, వారానికొకసారి తొడ దాకా సిమెంటు కట్టు మారుస్తారు. చాలా మందికి ఐదారు కట్లు చాలు. ఆఖర్న మడమ వెనకున్న బిగుతు స్నాయువును (కండను ఎముకకు కలిపే తాడు లాంటిది) మత్తు సూది ఇచ్చి చిన్నగా కోస్తారు. ‘నరం కోస్తారట, కాలు పడిపోతుంది’ అని ఇక్కడే కొందరు వెనక్కి వెళ్లిపోతారు. అది నరం కాదు. తర్వాతి కట్టు మూడు వారాలు ఉంటుంది, ఆలోగా అది మళ్లీ అతుక్కుంటుంది. ఆఫ్రికాలోని మలావీలో ఎముకల వైద్యులు తక్కువ కాబట్టి శిక్షణ పొందిన క్లినికల్ ఆఫీసర్లే (డాక్టర్లు కాని వైద్యసిబ్బంది) ఈ కట్లు కట్టారు.

ఇంటి దగ్గర చూడాల్సింది ఒకటుంది: కాలి వేళ్లు కట్టు లోపలికి వెళ్లిపోయినట్టు కనిపిస్తే కట్టు జారిందని అర్థం. అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వచ్చేయండి.

అపోహ: కట్టు విప్పారు, పాదం నిటారుగా ఉంది, ఇక నయమైపోయింది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. పాదాన్ని తిప్పడానికి వారాలు చాలు. తిప్పిన పాదాన్ని నిలబెట్టడానికి నాలుగైదేళ్లు కావాలి. కడ్డీకి బిగించిన బూట్లు మొదటి మూడు నెలలు రోజుకు ఇరవై మూడు గంటలు, ఆ తర్వాత నిద్రపోయేటప్పుడల్లా వేయాలి. మానేస్తే పాదం మళ్లీ లోపలికి తిరుగుతుంది. మొదటి రెండు రాత్రులు బిడ్డ ఏడుస్తుంది, ఎందుకంటే ఒక్కో కాలూ విడిగా తన్నలేదు. కడ్డీ పట్టుకుని రెండు మోకాళ్లూ కలిపి ముడుస్తూ, చాపుతూ ఆడించండి. రెండూ కలిపి తన్నడం వచ్చాక ఏడుపు తగ్గుతుంది.

అపోహ: మళ్లీ రాలేదంటే తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు.

ఇది వైద్యసిబ్బంది అయిన మా అపోహ. మూడు కట్ల తర్వాత నెల రోజులు కనిపించని ఒక తల్లిని నేనూ కోప్పడ్డాను. కొండ దిగి రోడ్డెక్కడానికి గంటన్నర, ఆటో, ఆపైన రెండు బస్సులు. అప్పుడు జీడిపిక్కలు ఏరే రోజులు. ఒక్కసారి వచ్చి వెళ్తే భార్యాభర్తలిద్దరికీ రెండేసి రోజుల కూలి పోతుంది. ఆమె చెబుతుంటే నాకు సిగ్గేసింది.

అందుకే ఈ పని ఒక్క ఆసుపత్రి చేతిలో లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్లాలి. వాళ్లు పరీక్షించాల్సిన వాటిలో క్లబ్‌ఫుట్ ఉంది. క్యూర్ ఇండియా వంటి స్వచ్ఛంద సంస్థలు రాష్ట్ర ప్రభుత్వాలతో కలిసి ప్రభుత్వాసుపత్రుల్లోనే క్లినిక్‌లు నడుపుతూ, బూట్లు ఉచితంగా ఇస్తున్నాయి. డాక్టరు, గది, కట్టు సామాను ఆసుపత్రివి. బూట్లు, రాని వాళ్లకు ఫోను చేసే మనిషి సంస్థవి. ఇంటికి వెళ్లి చూసేది ఆశా కార్యకర్త. మా ఆశా ఒకరు బూటు లోపల చూస్తారు: మడమ అచ్చు పడి ఉంటే వేస్తున్నారు, కొత్తగా మెరుస్తుంటే వేయడం లేదు. ఆ ఒక్క చూపు నా పది సలహాల కంటే విలువైనది. ప్రభుత్వమూ సంస్థా కట్ల ఖర్చు రాసుకుని, పాదం పెరిగిన కొద్దీ మార్చాల్సిన బూట్ల సంగతి రాసుకోని ఒప్పందం, నా దృష్టిలో, సగం ఒప్పందమే.

అపోహ: రెండేళ్లు దాటాయి, ఇక లాభం లేదు.

ఉంది. కట్లు ఎక్కువ పడతాయి, కొందరికి ఆపరేషనూ అవసరం కావచ్చు. అయినా తీసుకురండి. ఇప్పటికే బూట్లు వాడుతున్న బిడ్డకు వేళ్లు అంచు దాటుతుంటే, తర్వాతి తేదీ దాకా ఆగకుండా పెద్ద జత అడగండి.